పొద్దుటి పసరు

పోయినవారం మన డాక్టరమ్మని ఫోను పక్కన నిలబెట్టి వదిలేశాం. నంబరు తెలుసు, ఎవరెత్తుతారో తెలుసు, అయినా వేలు కదలక అలాగే నిలబడిపోయింది. కదలదు మరి. అవతల ఎత్తేది సొంత ఆడపడుచు. పెద్దాసుపత్రి నుంచి జబ్బు చేసిన పసికందుల్ని తీసుకెళ్ళడానికి వచ్చే అంబులెన్సులో డాక్టరు ఆవిడే. ఇంట్లో అందరూ చిట్టి అంటారు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు గానీ ఈ చిట్టిని ఆ మాట అంటే కళ్ళు పోతాయి. ఆ ఇంట్లో పెత్తనమంతా మన డాక్టరమ్మదే.

మామగారింట్లో భోజనాల దగ్గర జరిగిన రభస మీకు గుర్తుండే ఉంటుంది. చిన్న ఆసుపత్రులవాళ్ళు పిల్లలు చల్లబడి, నీలం తిరిగాక గానీ మమ్మల్ని పిలవరని చిట్టి మాటవరసకి అంది. ఎవర్నీ ఉద్దేశించి అనలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మన డాక్టరమ్మ కంచం ముందు నుంచి లేచి, నా ఆసుపత్రి మెట్లు నీ బండివాళ్ళు ఎక్కే రోజు రాదులే అనేసింది. చుట్టాలందరూ విన్నారు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా పెద్దవాళ్ళు.

సరే, మొత్తానికి ఫోను చేసింది. మధ్యాహ్నం చేసింది. చెయ్యాల్సింది మాత్రం పొద్దున్నే.

ఆ ఫోను ఎవరి కోసమో ఆ బాబు నిన్న సాయంత్రమే డాక్టరమ్మ ఆసుపత్రిలో పుట్టాడు. ఆపరేషన్ చేసి తీశారు. మంచి బరువు, వీధి చివరికి వినపడే ఏడుపు. తండ్రి టైలరు. కొడుకు పుట్టాడనగానే మెళ్ళో టేపు కూడా తియ్యకుండా పరుగెత్తుకొచ్చాడు, ఇవాళ్టికీ అది మెళ్ళోనే ఉంది. తెల్లారేసరికి బాబు తల్లి పాలు తాగడం, కాసేపటికే కక్కేయడం జరిగింది. పెద్ద నర్సు ఆ గుడ్డ తెచ్చి డాక్టరమ్మకి చూపించింది. దాని మీద పాల విరుగుడు కాదు, ఆకు నలిపి పిండినట్టు చిక్కటి పసరు మరక ఉంది.

పాలు కక్కని పసిబిడ్డ ఉండడు. కానీ పసరు కక్కితే పేగు మెలిపడి ఉండొచ్చని, మెలిపడ్డ పేగుకి రక్తం అందక లోపల్లోపలే చచ్చిపోతుందని, ఆ బిడ్డని ఉన్నపళాన ఆపరేషన్ చేసే చోటికి పంపాలని పిల్లల డాక్టరుకి ఒకళ్ళు చెప్పాలా? మన డాక్టరమ్మని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. తెలిసే, ఆ గుడ్డని మడిచి ఉతుకుబట్టల బుట్టలో పడేసింది. ఉమ్మనీరు మింగి ఉంటాడు, మొదటిరోజు మామూలే అంది. నర్సు ఒక్కసారి ఆవిడ మొహంలోకి చూసి, సరే మేడం అని వెళ్ళిపోయింది.

రెండోసారి కక్కినప్పుడు ఇంకాసేపు చూద్దామంది. ఆ తరవాత బాబు ఏడవడం మానేశాడు. పొట్ట బిగుసుకుంది, అరికాళ్ళు చల్లబడ్డాయి, ఊపిరి ఎగశ్వాసగా మారింది. అప్పుడు గానీ ఫోను చేతికి రాలేదు. ఎప్పట్నుంచి అని అవతల చిట్టి అడిగితే, ఇందాకట్నుంచే, మధ్యాహ్నం మొదలైంది అని చెప్పింది. అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు.

బండి వచ్చింది. కింద మందుల షాపు, పక్కన జిరాక్సు కొట్టు, వాటి మధ్య ఇరుకు మెట్లు, పైన ఆసుపత్రి. అంబులెన్సువాళ్ళ గాజుపెట్టె, అదే పిల్లల్ని వెచ్చగా పడుకోబెట్టి తీసుకెళ్ళేది, లిఫ్టులో పట్టలేదు. ఇద్దరు మనుషులు దాన్ని మెట్ల మీదుగా మోసుకుంటూ వచ్చారు. ముందు చిట్టి. భోజనాల రోజు నాటి మాట డాక్టరమ్మ చెవిలో గంట కొట్టినట్టు మోగింది. మెట్లు ఎక్కే రోజు రాదంది. వచ్చింది, అదీ తనే పిలిస్తే.

చిట్టి దెప్పుతుందనుకుంది. ఒక మాట అంటుందని, అంటే పడాలని మనసు గట్టిచేసుకుంది కూడా. చిట్టి "బాబెక్కడ మేడం?" అంది అంతే. మేడం! వదినా వదినా అని కొంగు పట్టుకు తిరిగిన పిల్ల మేడం అంటే ఎలా ఉంటుందో పడ్డవాళ్ళకి తెలుస్తుంది. ఆ ఒక్క పిలుపుకి డాక్టరమ్మకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

న్యాయంగా చెప్పుకోవాలంటే, ఫోన్లో చిట్టి చెప్పినవన్నీ డాక్టరమ్మ చేసి పెట్టింది. పాలు ఆపించింది. నోట్లోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేసి లోపలిదంతా బయటికి కారేట్టు వదిలింది. అయినా బాబు ఒళ్ళు వెచ్చబడలేదు. పైనుంచి వేడి చేసే కడ్డీల్లో ఒకటి ఎన్నాళ్ళుగానో వెలగడం లేదు. రేపు బాగుచేయిద్దాం, ఎల్లుండి బాగుచేయిద్దాం అనుకుంటూ ఉండిపోయింది. చిట్టి వెలగని కడ్డీ వంక చూసింది, ఏమీ అనకుండా చూపు తిప్పేసుకుంది. దానికన్నా నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది.

ఇక పని మొదలైంది. చిట్టి తన రెండు చేతులూ రుద్దుకుని వేడిచేసుకుని గానీ బాబు మీద వెయ్యలేదు. తలకి ఊలు టోపీ పెట్టించింది, తడిసిన పక్క మార్పించింది. మడమ దగ్గర గుచ్చి బొట్టు రక్తం తీస్తే చక్కెర అడుగంటి ఉంది. సూది పెట్టడానికి చేతిలో నరం దొరక్కపోతే బొడ్డులోంచి దారి చేసి చక్కెర నీళ్ళు ఎక్కించింది, ఉప్పు నీళ్ళు ఎక్కించింది, మందు వేసింది. ఊపిరి అలిసిపోతోందని గొంతులోకి ఇంకో గొట్టం వేసి, చిన్న సంచీ నొక్కుతూ గాలి పంపించింది. ఒక్కోటి చేసి ఆగడం, బాబు వంక చూడడం, మళ్ళీ ఇంకోటి చెయ్యడం. తొందరన్నదే లేదు.

తొందరంతా గుమ్మం దగ్గర ఉంది. బండొచ్చింది కదా, ఎక్కించుకుని పోక ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నారని టైలరు కేకలు వేశాడు. అతని తప్పేం లేదు. ఇల్లు తగలబడుతుంటే మంటలార్పేవాళ్ళు వచ్చి గొట్టాలు తుడుచుకుంటూ కూర్చున్నట్టుంది అతనికి. చిట్టి చేతిలో పని ఆపకుండానే అతన్ని లోపలికి పిలిచింది.

"అన్నా, నువ్వు బట్ట కత్తిరించే ముందు కొలతలు తీసుకుంటావు కదా. కదిలే బండిలో కూర్చుని కత్తిరించమంటే కత్తిరిస్తావా? ఇక్కడ సర్దుకోనిది దారిలో సర్దలేను. ఈ ఒళ్ళు వెచ్చబడాలి, ఈ చక్కెర నిలబడాలి. అప్పుడు బయల్దేరితే వీడు అక్కడికి బతికి చేరతాడు."

టైలరు గుమ్మం పక్కన కింద కూలబడి, మెళ్ళో టేపుని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చున్నాడు.

బాబు కాస్త తేరుకున్నాక, చిట్టి పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసే సర్జనుకి ఫోను చేసి స్పీకర్లో పెట్టింది. పసరు ఎప్పుడు మొదలైందని ఆయన అడిగాడు. మధ్యాహ్నం నుంచంటున్నారని చెప్పింది. అలాగైతే రాగానే ముందు మందు పోసి ఎక్స్‌రే తీసి చూద్దామని, నిజంగా మెలికో కాదో తేలాకే కోద్దామని ఆయనన్నాడు. పొద్దున్నుంచైతే మాత్రం పరీక్షలకి టైము లేదని, నేరుగా ఆపరేషన్ గదిలోకే తెచ్చెయ్యాలని కూడా అన్నాడు. చిట్టి చెయ్యి బాబు పొట్ట మీద ఆనించి, మళ్ళీ చేస్తానని ఫోను పెట్టేసింది.

"పొట్ట ఇంత బిగిసింది. మధ్యాహ్నం నుంచంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు మేడం. పొద్దున ఏమీ లేదా?"

నర్సు ట్రే పట్టుకుని అక్కడే ఉంది. గుమ్మంలో టైలరున్నాడు. పొద్దున ఏమీ లేదని, ఉంటే సిస్టర్ చెప్పేదే కదా అని అంది డాక్టరమ్మ.

చూశారా. ఒక అబద్ధానికి గోడ కావాలంటే ఇంకో మనిషిని అడ్డం పెట్టాలి. చిట్టి నర్సు వైపు తిరిగింది. గుడ్డలు మార్చేది మీరే కదమ్మా, మీ కంట పడలేదంటే ఎలా అని అడిగింది. గట్టిగా కాదు గానీ గుమ్మం దాకా వినపడింది. టైలరు తలెత్తి నర్సు వంక చూసిన చూపు చూస్తే ఎవరికైనా ఒళ్ళు చచ్చుపడుతుంది. ఆసుపత్రి తెరిచిన రోజున రిబ్బను పట్టుకున్న మనిషి ఆ నర్సు. డాక్టరమ్మ కాన్పుకి పక్కనుండి చెయ్యి పట్టుకున్నదీ ఆవిడే. ఒక్కసారి కళ్ళెత్తి డాక్టరమ్మని చూసి, తలదించుకుంది.

"నా పొరపాటే మేడం. సరిగ్గా చూసుకోలేదు."

తల కొట్టేసినట్టయింది డాక్టరమ్మకి. నర్సు ఎదురు తిరిగి నిజం కక్కేసినా ఇంత సిగ్గు పడేది కాదు. తేలు కుట్టిన దొంగలాగ కిక్కురుమనకుండా నిలబడింది. అరవడానికి లేదు, ఏడవడానికి లేదు. పైగా బాబు పొట్టలోంచి వచ్చే గొట్టం చివర తగిలించిన సంచిలోకి చుక్క చుక్కగా అదే పసరు కారుతోంది. బుట్టలో పడేసినంత మాత్రాన అది ఆగింది కాదు.

తను చెప్పకపోతే ఏమవుతుంది? ఎవరికీ తెలియదు. గుడ్డ ఈపాటికి ఉతికి ఆరేసి ఉంటారు. నర్సు నోరు విప్పదు. బాబుని తీసుకెళ్ళి ఎక్స్‌రే అంటారు, తీసే మనిషి కోసం చూస్తారు, పోసే మందు కోసం చూస్తారు. ఆ చూసే టైమంతా బాబు పేగుది. పరువు తనది, పేగు వాడిది. ఆ లెక్క తనలో తను వేసుకుంటున్నందుకే డాక్టరమ్మకి తన మీద తనకి అసహ్యం వేసింది. ఆవిడ చిట్టి మోచెయ్యి పట్టుకుని పక్కనే ఉన్న, పనిముట్లు ఉడకబెట్టే గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. గదిలో ఆవిరి వాసన, గోడకి వేలాడే రబ్బరు తొడుగులు. నిలబడడానికి ఇద్దరికీ చాలీచాలని చోటు.

"సిస్టర్ని ఏమీ అనకు. ఆవిడ చెప్పింది."

"ఏం చెప్పింది?"

"తెల్లారగానే గుడ్డ తెచ్చి చూపించింది. పసరే. నా కళ్ళతో నేను చూశాను."

"చూసి?"

"బుట్టలో పడేశాను."

"తెలియలేదా వదినా?" అంది చిట్టి. మేడం పోయి వదిన వచ్చింది గానీ, అది ఎప్పుడూ పిలిచే పిలుపులా లేదు.

"తెలిసింది. పంపాలని తెలిసింది. పంపాలంటే నిన్ను పిలవాలి. నువ్వొస్తే... ఆ రోజు అన్న మాట అందరూ విన్నారు కదే. ఇంకో గంటలో సర్దుకుంటుందేమో, పిలవక్కర్లేకుండా పోతుందేమో అనుకున్నాను. అంతే. ఇంకేం లేదు."

అంతే, ఇంకేం లేదు! ఇంత చిన్న కారణం. పెద్ద కారణమేదైనా ఉంటే దాని చాటున దాక్కోవచ్చు. ఇది మరీ అరచేతంత ఉంది, దీని వెనక మొహం కూడా దాగదు. చిట్టి తిడుతుందని డాక్టరమ్మ ఎదురుచూసింది. చిట్టి ఫోను తీసింది. సర్జనుతో రెండే మాటలు మాట్లాడింది: పసరు తెల్లారినప్పట్నుంచి ఉంది, ఆపరేషన్ గది తీసి ఉంచండి. ఫోను జేబులో పెట్టుకుని అప్పుడు డాక్టరమ్మ వంక చూసింది. ఆ కళ్ళలో కోపం ఉంది, కోపం పక్కనే నీళ్ళు కూడా ఉన్నాయి.

"ఇంట్లో ఎవరికీ నేను చెప్పను. అన్నయ్యకి చెప్పడం, మానడం నీ ఇష్టం. కానీ మా బండికో పద్ధతుంది వదినా. బిడ్డని తల్లి మంచం దగ్గరికి తీసుకెళ్ళకుండా, మాకు తెలిసిందంతా ఆవిడకి చెప్పకుండా మేం కదలం. ఇవాళ చెప్పాల్సింది నేను కాదు."

డాక్టరమ్మ ఆసుపత్రిలో అలాంటి పద్ధతి లేదు. జబ్బుపడ్డ బిడ్డని పచ్చి బాలింతకి చూపిస్తే భయపడుతుందని, పాలింకిపోతాయని, చాటుగా పంపించెయ్యడమే అలవాటు. ఎవరి భయం కోసం పెట్టిన అలవాటో ఇవాళ్టి దాకా తట్టలేదు.

గాజుపెట్టెని బాలింత గదిలోకి తోసుకెళ్ళారు. లోపల బాబు టోపీతో, రెండు గొట్టాలతో, పిడికెడంత ఉన్నాడు. చిట్టి మనిషి ఒకతను సంచీ నొక్కుతున్నాడు. టైలరు భార్య కుట్లు పట్టుకుని పక్కకి ఒత్తిగిలింది. చిట్టి గాజుపెట్టెకున్న గుండ్రటి కిటికీ తెరిచి, ఆవిడ వేలు తీసుకెళ్ళి బాబు అరచేతిలో పెట్టింది. తల్లి వేలు వాడు పట్టుకోలేదు. ఆవిడే వాడి వేళ్ళని మడిచి పట్టించుకుంది. మంచం అవతల బాలింత అత్తగారు కూర్చుని ఉంది. పొద్దున్నుంచీ ఆవిడ కోడలి చెవిలో ఒకటే నస, నీ పాలే పడలేదు వాడికి, పాలు విరిగాయి, కన్నావు గానీ పెంచే రాత లేదు అని.

"అమ్మా," అంది బాలింత డాక్టరమ్మని చూసి, "నా పాల వల్లేనా?"

డాక్టరమ్మ చూపు గాజుపెట్టె మీదికి పోయింది. బాలింత ఆగలేదు.

"పొద్దున మీరు ఏం కాదన్నారని మళ్ళీ పట్టాను. వాడు వద్దన్నట్టు మొహం తిప్పుకున్నాడు. నేనే బలవంతంగా పట్టాను. అత్తయ్య చెప్పినట్టు నా పాలే విషమయ్యాయా? నిజం చెప్పండమ్మా. నేనేమీ అనుకోను, నా బిడ్డకి నేనే చేసుకున్నానని తెలిస్తే చాలు."

డాక్టరమ్మ దాచుకుంటున్న సిగ్గంతా ఎవరో ఎత్తుకెళ్ళి ఈ పిల్ల నెత్తిన పెట్టారు. పాపం ఈ పిల్ల దాన్ని తనదేననుకుని మోస్తోంది. ఇంకొక్క క్షణం ఊరుకుంటే తనంత నీచురాలు ఉండదని డాక్టరమ్మకి అర్థమైంది. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"నీ పాలకి ఏ దోషం లేదమ్మా. వాడి పేగు మెలిపడింది, అది ఎవరి తప్పూ కాదు. ఆ సంగతి నాకు పొద్దున్నే తెలిసింది. సిస్టర్ చెప్పింది కూడా. ఎవరికీ చెప్పకుండా మధ్యాహ్నం దాకా కూర్చుంది నేను. పంపించాల్సిన బిడ్డని పంపించలేదు. తప్పు నాది."

టైలరు రెండడుగులు ముందుకొచ్చాడు, చెయ్యి లేచింది, కొట్టేవాడే. నర్సు అడ్డొచ్చింది. అప్పుడే తన మీద నింద వేసిన మనిషికి అడ్డుగా నిలబడింది. టైలరు చెయ్యి దింపి, ఎందుకు అని అడిగాడు. ఎందుకు చెప్పలేదు? డాక్టరమ్మ దగ్గర జవాబు ఉంది గానీ, అది ఆ గదిలో పలకడానికి నోరు రాలేదు. మా ఆడపడుచుతో మాట పట్టింపు అని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

బాలింత ఏడవలేదు. బాబు వేళ్ళని వదల్లేదు. డాక్టరమ్మ వంక చాలాసేపు చూసి, మొగుడి వైపు తిరిగింది.

"బండిలో ఎంతమందికి చోటుంది?"

ఒక్కళ్ళకేనని చిట్టి చెప్పింది.

"అయితే నువ్వెళ్ళకు," అంది మొగుడితో. "స్కూటర్ మీద వెనకాల రా. ఆ సీట్లో ఈవిడ కూర్చుంటుంది. నేను కదల్లేను. నా బదులు వాణ్ణి చూస్తూ కూర్చోమను. పొద్దున్నుంచీ చూడంది ఇప్పుడు చూడమను."

అత్తగారు ఏదో అనబోయింది. కోడలు ఆవిణ్ణి చూసిన చూపుకి ఆ మాట నోట్లోనే ఉండిపోయింది.

కిందికి దిగేటప్పుడు మందుల షాపు దగ్గర నలుగురు పోగయ్యి ఉన్నారు. రోజూ నమస్కారాలు పెట్టేవాళ్ళే. గాజుపెట్టె వెనకాల చెప్పుల్లేకుండా దిగివస్తున్న డాక్టరమ్మని చూసి దారిచ్చారు. చెప్పులు పైన ఎక్కడో ఉండిపోయాయి, ఆవిడకి ఆ ధ్యాసే లేదు. బండెక్కి, మూలనున్న ఒంటి సీట్లో ఒదిగి కూర్చుంది. తలుపులు మూశారు. చిట్టి బాబు తల దగ్గర నిలబడి గాలి సంచీ అందుకుంది. ఇక ఆవిడ రెండు చేతులూ వాడి ఊపిరికే సరిపోతాయి. పొట్టలోంచి వచ్చే గొట్టం చివరి సంచిని తీసి డాక్టరమ్మ ఒళ్ళో పెట్టింది.

"దీన్ని నువ్వు చూడు. నేనిటు తిరిగి ఉంటాను, నాకు కనపడదు."

బండి కదిలింది. కూత మొదలైంది. వెనక అద్దంలో టైలరు స్కూటర్ దీపం ఊగుతూ వస్తోంది. డాక్టరమ్మ ఆ సంచిని రెండు చేతులా పట్టుకుని రెప్ప వెయ్యకుండా చూస్తోంది. పసరు చుక్కలు పడుతున్నాయి. పొద్దున్న చూసిన రంగే. ఒకటి, ఇంకొకటి. పెద్ద రోడ్డు మలుపు తిరిగేసరికి గొట్టంలో పసరు వెనకాలే ఇంకో రంగు దిగడం మొదలైంది. నల్లగా, చిక్కగా, కాఫీ పొడి కలిసినట్టు. పేగు లోపల ఏం జరుగుతోందో ఆవిడకి తెలుసు. అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు.

"చిట్టీ, రక్తం," అంది డాక్టరమ్మ. "ఇప్పుడే మొదలైంది. సర్జనుకి నేను చెబుతాను, ఫోనివ్వు."